మాంటెరే చల్లటి నీళ్లకి ఏ వెట్‌సూట్? 7 ఎంఎం సెమీ డ్రై సరిపోతుందా?

కొత్తతీరం:
అందరికీ నమస్కారం. అండమాన్‌లో స్కూబా డైవింగ్ మొదటి కోర్సు, అంటే ఓపెన్ వాటర్ కోర్సు చేశాను. అక్కడ నీళ్లు 28, 29 డిగ్రీలు కాబట్టి 3 ఎంఎం వెట్‌సూట్‌తో (చలి ఆపే రబ్బరు సూట్) సరిపోయింది. ఇప్పుడు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటున్నాను. అక్కడి మాంటెరే తీరంలో ముందు బ్రేక్‌వాటర్, అలవాటయ్యాక పాయింట్ లోబోస్ అనే చోట్ల డైవ్ చెయ్యాలని ఉంది. లోతు 18 మీటర్లు దాటను. రోజుకి రెండు డైవ్‌లు, ఒక్కోటి 40 నిమిషాలు. లోపలికి నీళ్లే రానివ్వని డ్రై సూట్ ఇప్పట్లో కొనలేను. షాపులో మూడు రకాలు చూపించారు: 7 ఎంఎం మామూలు సింగిల్ పీస్, 7 ఎంఎం సెమీ డ్రై, ఫార్మర్ జాన్ అనే రెండు ముక్కల సూట్. ఒక ఫ్రెండ్ తన సర్ఫింగ్ సూట్ ఇస్తానంటున్నాడు, 5/4 ఎంఎం (ఒంటి దగ్గర 5, చేతులకీ కాళ్లకీ 4). నా ఎత్తు 168 సెం.మీ., బరువు 74 కిలోలు, కాస్త పొట్ట ఉంది. ఏది తీసుకోమంటారు? మునగడానికి కట్టుకునే వెయిట్లు ఎన్ని కిలోలు పట్టొచ్చు?

కెల్ప్‌నీడ:
కొత్తతీరం గారూ, ముందు నీళ్ల సంగతి. మాంటెరేలో డైవ్ చేసే లోతుల్లో ఏడాదంతా ఇంచుమించు 9 నుంచి 14 డిగ్రీల మధ్య ఉంటుంది. వసంతంలో వాయవ్యం నుంచి గాలి గట్టిగా వీచినప్పుడు తీరంలోని పైనీరు సముద్రం వైపు జరిగిపోయి, అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. అందుకే ఎండలు బాగున్నాయని మనం బయల్దేరే ఏప్రిల్, మే నెలల్లోనే నీళ్లు బాగా చల్లగా ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నయం. పైన 14 ఉన్నా థర్మోక్లైన్ (నీటి వేడి ఒక్కసారిగా పడిపోయే పొర) దాటి దిగితే 10 తగలొచ్చు. కాబట్టి సూట్ ఎంచుకునేటప్పుడు అడుగునీటి చలి లెక్కే చూసుకోండి.

సర్ఫింగ్ సూట్ మాత్రం వద్దు. చేతులు బాగా ఆడాలని దానికి మెత్తగా సాగే నియోప్రీన్ అనే నురగ రబ్బరు వాడతారు. నియోప్రీన్‌లో చలిని ఆపేది లోపలి గ్యాస్ బుడగలు. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు, 20 మీటర్ల దగ్గర మూడింతలు. లోతుకి వెళ్లేకొద్దీ బుడగలు నలిగి రబ్బరు పలచబడుతుంది, సరిగ్గా చలి పెరిగే చోటే రక్షణ తగ్గిపోతుంది. మెత్తటి రబ్బరు మరీ తొందరగా నలుగుతుంది. పదేపదే లోతుకి తీసుకెళ్తే తిరిగి పొంగకుండా అణిగిపోతుంది కూడా, మీ ఫ్రెండ్ సూట్ పాడవుతుంది.

ఆ మూడింటిలో నేను చెప్పేది సెమీ డ్రై. ఒంటికీ సూట్‌కీ మధ్య చేరిన నీరే మనల్ని వెచ్చగా ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. వెచ్చగా ఉంచేది రబ్బరే. ఆ నీటిని ఒకసారి మన ఒళ్లు వేడి చేశాక అది కదలకుండా అక్కడే ఉండాలి. కాలు ఆడించినప్పుడల్లా అది బయటికి పోయి కొత్త చల్లనీరు వస్తుంటే 7 ఎంఎం మందం ఉండీ లాభం లేదు. సెమీ డ్రైలో మణికట్టు, చీలమండ, మెడ దగ్గర నున్నటి రబ్బరు సీళ్లు, గట్టి జిప్పు ఉండేది ఈ రాకపోకల్ని తగ్గించడానికే.

అయితే కొలత కుదరని సెమీ డ్రై కన్నా చక్కగా కుదిరిన మామూలు 7 ఎంఎం మేలు. కాబట్టి షాపులో తొందరపడకండి. చెడ్డీ మీదే వేసుకుని చూడండి. ముందు రెండు కాళ్లూ పూర్తిగా ఎక్కించి, గజ్జల దగ్గర ఖాళీ లేకుండా పైకి లాక్కున్నాకే చేతులు దూర్చండి. కింద వదులు మిగిలితే భుజాలు పట్టేసి సూట్ చిన్నదనిపిస్తుంది. జిప్పు వేశాక చూడాల్సినవి చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, అన్నిటికన్నా ముఖ్యంగా నడుము వెనక గుంట. అక్కడ రబ్బరు పట్టుకుంటే చేతికి తేలిగ్గా వచ్చేసిందంటే ఆ ఖాళీలో నీళ్లు నిండుతాయి. గొంతుక్కూర్చుని లేవండి. మెడ దగ్గర గాలి బుస్సుమని పీలిస్తే నీళ్లూ అలాగే వస్తాయి. ఛాతీ నిండా ఊపిరి తీసుకోగలగాలి. మెడ బిగుతు వల్ల తల తేలిపోతున్నట్టుంటే ఆ సూట్ వదిలెయ్యండి. మెడ పక్కన రక్తనాళాలు నొక్కుకుపోతే గుండె వేగం పడిపోయి కళ్లు తిరుగుతాయి, నీళ్లలో అది ప్రమాదం.

మీ ఎత్తుకి మామూలు లార్జ్ తీసుకుంటే కాళ్లు పొడవై మోకాళ్ల వెనక ముడతలు పడొచ్చు. పొట్టి సైజులు, అంటే లార్జ్ షార్ట్ లాంటివి అడగండి. పొట్టకోసం ఒక సైజు పెంచకండి. పొట్ట దగ్గర రబ్బరు సాగుతుంది, ఛాతీ దగ్గర మిగిలిన ఖాళీ మూసుకోదు. ఏదీ కుదరకపోతే కొలతలిచ్చి కుట్టించుకునే సౌకర్యం కొన్ని కంపెనీల్లో ఉంది.

అలలవతల:
సెమీ డ్రై మంచిదే, కానీ రెండు ముక్కల సూట్‌ని పూర్తిగా పక్కన పెట్టొద్దండీ. అందులో జాన్ అనే చేతుల్లేని కింది ముక్క మీద జాకెట్ పడితే ఛాతీ, కడుపు దగ్గర 14 ఎంఎం అవుతుంది. కొనడానికి సాధారణంగా సెమీ డ్రై కన్నా చవక, అద్దెకీ దొరుకుతుంది. లోపాలు కూడా వినండి. భుజాలు బిగుసుకుపోయి ట్యాంక్ వాల్వ్‌కి చెయ్యి అందడం కష్టమవుతుంది, వెయిట్లు పెరుగుతాయి, జాకెట్ అంచులోంచి నీళ్లు వస్తాయి.

ఇంకో దారి ఉంది, నాకు ఇదే నచ్చుతుంది: 7 ఎంఎం సింగిల్ పీస్ లోపల హుడ్ (తలని కప్పే రబ్బరు టోపీ) కలిసిన వెస్ట్. హుడ్డూ వెస్టూ ఒకే ముక్క కాబట్టి మెడ మీదుగా వెన్నులోకి జారే నీరు చాలావరకు ఆగిపోతుంది. విడి హుడ్ కొంటే దాని అంచు సూట్ మెడలోపలికి దోపుకోవాలి, పైకి వదిలెయ్యకూడదు.

చేతులకి 5 ఎంఎం గ్లవ్స్, కాళ్లకి 6.5 లేదా 7 ఎంఎం బూట్లు. బూట్లు వేసుకుని చూశాకే ఫిన్స్ (కాళ్లకి తొడిగే ఈత రెక్కలు) కొనండి, అండమాన్‌లో వాడిన సైజు పట్టదు. వేళ్లు మొద్దుబారితే బీసీడీలోకి (తేలేలా చేసే గాలి జాకెట్) గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్, వెయిట్ బకిల్ తెలియవు, కాబట్టి గ్లవ్స్ దగ్గర పొదుపు చెయ్యకండి.

హుడ్ అలవాటు లేనివాళ్లకి చెవుల ఇబ్బంది వస్తుంది. హుడ్ చెవికి గట్టిగా అతుక్కుంటే దానికీ కర్ణభేరికీ మధ్య గాలి చిక్కుకుంటుంది. ముక్కు మూసి ఊది చెవుల్లో ఒత్తిడి ఎంత సమం (ఈక్వలైజ్) చేసినా నొప్పి పోదు. దిగేముందు హుడ్ అంచు రెండు పక్కలా కొంచెం లాగి చెవుల్లోకి నీళ్లు వెళ్లనివ్వండి. రెండు చెవుల్లోకీ ఒకేసారి వెళ్లాలి. ఒక చెవిలోకే చల్లనీరు వెళితే కొన్ని క్షణాలు తల తిరుగుతుంది.

లోతులెక్క:
వెయిట్ల గురించి ఎవరూ చెప్పలేదు. 7 ఎంఎంకి మొదటి అంచనా ఒంటి బరువులో పదో వంతు, దానిమీద ఒకటి రెండు కిలోలు. అంటే డైవర్లు ఎక్కువగా వాడే అల్యూమినియం 80 రకం ట్యాంక్‌తో మీకు 9 కిలోల దగ్గర మొదలవుతుంది. రెండు ముక్కల సూట్ అయితే ఇంకో రెండు మూడు కిలోలు పట్టొచ్చు. స్టీల్ ట్యాంక్ అయితే తగ్గుతుంది. ఇది అంచనా మాత్రమే, తేల్చేది నీళ్లలో చేసే పరీక్షే.

డైవ్ చివర ట్యాంక్‌లో గాలి ఒత్తిడి 35 బార్ ఉన్నప్పుడు, బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, మామూలు ఊపిరి పట్టి కదలకుండా నిలబడండి. నీటిమట్టం కళ్ల దగ్గర ఉండాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. నిండు ట్యాంక్‌తో చూస్తే వచ్చిన లెక్కకి రెండు, రెండున్నర కిలోలు కలపండి, ఎందుకంటే వాడేసిన గాలి బరువు చివర్లో ఉండదు. వెయిట్లు తక్కువైతే పైకొచ్చే ముందు 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్‌లో సూట్ మళ్లీ పొంగి పైకి లాగేస్తుంది. ఎక్కువైతే అడుగున బీసీడీలో గాలి ఎక్కువ నింపాలి. పైకొచ్చేటప్పుడు ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించి వేగం చేతిలో ఉండదు. కొత్త సూట్ వాడేకొద్దీ తేలే గుణం తగ్గుతుంది, అప్పుడప్పుడు మళ్లీ చూసుకోండి.

ట్యాంక్ నుంచి నోటికి గాలి అందించే రెగ్యులేటర్ కూడా చూసుకోండి. దానిమీద ఈఎన్ 250 అనే యూరప్ ప్రమాణం ముద్ర పక్కన 10 డిగ్రీలకి పైన మాత్రమే అని ఉంటే అది ఈ నీళ్లకి కాదు.

కొత్తతీరం:
చాలా థ్యాంక్స్ అండీ. రెండు సందేహాలు. షాపులో సెమీ డ్రై వేసుకోవడానికే చెమటలు పట్టాయి, అది మామూలేనా? రెండో డైవ్‌కి చలి ఎక్కువవుతుందంటారు, ఏం చెయ్యాలి?

కెల్ప్‌నీడ:
కొత్త సూట్ పొడిగా ఉన్నప్పుడు మామూలే. పాదానికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని కాలు దూర్చండి, జారుతుంది. చేతికీ అంతే. నీళ్లలో కలిపిన హెయిర్ కండిషనర్ కొద్దిగా రాసినా పని జరుగుతుంది. వాజలిన్ వద్దు, రబ్బరు పాడవుతుంది. గోళ్లతో కాకుండా వేళ్ల మెత్తటి భాగంతో పట్టి లాగండి. పైపొర చిరిగేది గోళ్లవల్లే.

రెండో డైవ్ చలి ఎక్కువగా మధ్యలో ఒడ్డున మొదలవుతుంది. తడి సూట్ మీద గాలి వీస్తే ఆరే తడి ఒంటి వేడిని లాగేస్తుంది. పైకి రాగానే హుడ్ తీసి తల తుడుచుకుని, ఊలు టోపీ పెట్టి, సూట్ మీదే గాలి దూరని పొడవాటి కోటు వేసుకోండి. ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు తెచ్చుకుని, దిగేముందు గ్లవ్స్‌లో, బూట్లలో, మెడలోంచి సూట్‌లోకి పొయ్యండి. లోపల చేరే మొదటి నీరు వెచ్చగా ఉంటే ఒంటి వేడి దానికి ఖర్చవదు. రెండో డైవ్ లోతు తక్కువగా, అరగంటకి కుదించండి.

వణుకు మొదలైతే డైవ్ అక్కడితో ముగించండి, ఇంకో ఐదు నిమిషాలని చూడొద్దు. అడుగున వెచ్చగా ఉండి పైకొచ్చేటప్పుడు చల్లబడితే రక్తప్రసరణ తగ్గి నైట్రోజన్ నెమ్మదిగా బయటపడుతుంది. డైవ్ కంప్యూటర్ చూపే నో స్టాప్ సమయం (మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రాగలిగే గడువు) అంచుదాకా వెళ్లకండి. పైకి రాగానే వేణ్ణీళ్ల స్నానం కూడా కాసేపు ఆపండి.

కొనేముందు మీకు నచ్చిన రెండు రకాలూ చెరో రోజు అద్దెకి తీసుకుని బ్రేక్‌వాటర్‌లో దిగి చూడండి. వీలైతే మే నెలలో.