వాగులో చేపల హక్కుకు ఫారం-బి (సామూహిక అటవీ హక్కుల దరఖాస్తు) ఎలా నింపాలి?

మాది గోదావరి పక్కన కొండరెడ్ల గూడెం. వానలు తగ్గాక వాగుకు అడ్డంగా రాళ్లు పేర్చి, సందులో వెదురు బుట్ట పెట్టి చేపలు పడతాం. అమ్మకానికి కాదు, కూరకే. ఈ ఏడు అటవీ కాపలా సిబ్బంది వచ్చి బుట్టలు విరగ్గొట్టి, వేట నేరమన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వన్యప్రాణుల వేటను మినహాయించిన మాట నిజమే. కానీ సెక్షన్ 3(1)(డి)లో చేపలు సామూహిక హక్కు కదా! ఆ ముక్క వారికి ఎవరు చదివి వినిపించాలో.

గ్రామసభ ద్వారా ఫారం-బి పెట్టాలనుకుంటున్నాం. పెద్దల వాంగ్మూలం చెల్లుతుంది గానీ, ఆ చట్టం కింది నిబంధన 13 ప్రకారం ఒక్క సాక్ష్యం చాలదు. పాత రాతికట్టల ఫొటోలు రెండో సాక్ష్యంగా నిలుస్తాయా? వాగు పక్క ఊరి హద్దులోకీ పోతుంది. రెండు ఊళ్ల గ్రామసభలూ కలిసి తీర్మానం చేయాలా, విడివిడిగానా? ఇలా హక్కుపత్రం సాధించినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.