రాత్రిపూట ఫోన్ చూస్తే చిటికెన వేలు తిమ్మిరెక్కుతోంది: లోపం మెడలోనా, మోచేతిలోనా?

ప్రశ్న:
నా వయసు 34. రాత్రి భోజనమయ్యాక పక్కకు తిరిగి పడుకుని, కుడి మోచేయి పూర్తిగా మడిచి, ఫోన్‌ను ముఖం దగ్గర పట్టుకుని గంటన్నర చదవడం అలవాటు. రెండు నెలలుగా చిటికెన వేలూ, ఉంగరపు వేలిలో దాని వైపు సగమూ మొద్దుబారుతున్నాయి. తెల్లవారుజామున ఆ తిమ్మిరికే మెలకువ వస్తోంది. మెడ నరమని ఒకరు, బి-కాంప్లెక్స్ మాత్రలు చాలని మరొకరు అంటున్నారు. అసలు ఫోన్ వల్ల ఇలా జరుగుతుందా?

జవాబు 1 (ఫిజియోథెరపిస్టు):
ఉంగరపు వేలు ఒక పక్కే మొద్దుబారుతోందని గమనించి రాయడం మేలైంది, ఎందుకంటే అది అల్నార్ నరం వైపు చూపించే గుర్తు. మోచేయి గడపకు తగిలినప్పుడు జివ్వుమనేది ఈ నరమే. మోచేతి లోపలి వైపున్న ఎముక బొడిపె వెనుక, చర్మానికి కాస్త కిందనే, ఇరుకైన దారిలో అది సాగుతుంది. చేయి మడిచినప్పుడు నరం ఆ బొడిపె చుట్టూ సాగదీయబడి, పైనున్న కణజాలపు పట్టీ బిగుసుకుని దారి మరింత ఇరుకవుతుంది. గంటసేపు అలాగే ఉంచితే నరానికి రక్తప్రసరణ తగ్గి తిమ్మిరి మొదలవుతుంది. దీన్ని క్యూబిటల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. తప్పు ఫోన్‌ది కాదు, మడతది. పుస్తకాన్ని అలా పట్టుకున్నా ఇంతే. పడుకునే ముందు తువ్వాలును మోచేతి మడతలో మందంగా ఉండేలా, వదులుగా చుట్టుకుంటే నిద్రలో చేయి పూర్తిగా ముడుచుకోదు.

జవాబు 2:
నాకు ఇదే వచ్చినప్పుడు ఏడాది పాటు పట్టించుకోలేదు. తాళంచెవి తిప్పడం కష్టమై, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంటపడ్డాక గానీ న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లలేదు. ఆయన ఆ రెండు వేళ్ల మధ్య కాగితం పెట్టి లాగితే, దాన్ని ఆపడానికి నా బొటనవేలి కొన దానంతటదే వంగిపోయింది. నర్వ్ కండక్షన్ పరీక్షలో మోచేతి దగ్గర సంకేతం నెమ్మదించిందని తేలింది. శస్త్రచికిత్స తర్వాత తిమ్మిరి తగ్గింది, కానీ పట్టు మునుపటంత రాలేదు.

జవాబు 3:
మెడ విషయం కొట్టిపారేయకండి. అక్కడి నరం నొక్కుకున్నా ఇవే వేళ్లు తిమ్మిరెక్కవచ్చు, అయితే సాధారణంగా ముంజేతి లోపలి వైపు కూడా తేడా తెలుస్తుంది. మధుమేహం ఉందేమో చూపించుకోండి. ఇంకొకటి: మోచేతి వెనుక నరం తాడులా గట్టిగా తగిలినా, చర్మంపై స్పర్శ లేని మచ్చ ఉన్నా, మన దేశంలో కుష్ఠును కూడా అనుమానించాలి, దానికి ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం.

ప్రశ్న అడిగినవారు:
కాగితం పరీక్ష నేనూ చేసి చూశాను, బొటనవేలి కొన వంగకుండానే కాగితం నిలిచింది, మచ్చలు లేవు. తువ్వాలుతో నాలుగు రాత్రులు గడిచాయి. నిన్న మెలకువ రాలేదు. అయినా సోమవారం డాక్టరుకు చూపిస్తున్నాను.