ఇంట్లో ఉన్న అలర్జీ సిరప్ డాక్టర్‌ని అడగకుండా పిల్లలకు వేయొచ్చా?

చిన్నూవాళ్లమ్మ: మా బాబుకి రెండేళ్ల ఎనిమిది నెలలు, బరువు 12 కిలోలు. ఆదివారం పెళ్లి నుంచి వచ్చాక ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. రాత్రి తొమ్మిదిన్నర, డాక్టర్ గారు ఫోన్ ఎత్తలేదు. ఫ్రిజ్ తలుపులో పోయినేడాది సెట్రిజిన్ సిరప్ సగం ఉంది. అత్తగారేమో "మీ ఆయనకి చిన్నప్పుడు అవిల్ మాత్ర సగం పొడి చేసి తేనెలో నాకించేదాన్ని, ఏమైంది వాడికి? ఒక స్పూను పోసెయ్యి" అన్నారు. మా ఆయన చుక్క కూడా వద్దన్నారు. చివరికి కాలమైన్ లోషన్ రాసి ఊరుకున్నాను. తెల్లవార్లూ గోక్కుంటూ ఏడ్చాడు. పొద్దున్నే క్లినిక్‌లో చూపిస్తే వాళ్లు రాసిచ్చిందీ ఆ రకం సిరప్పే! నాకైతే అనవసరంగా ఏడిపించానే అని బాధగా ఉంది. మీరైతే ఏం చేసేవాళ్లు?

కోదాడ_కుర్రాడు: వేసేయాల్సిందక్కా. దద్దుర్లకి సెట్రిజిన్ ఎవరైనా చెప్తారు. ప్రతిదానికీ ఐదొందలు ఫీజు, రెండు గంటల క్యూ అంటే మామూలు జనం ఏమైపోవాలి?

రెండు_జడలు: ఎవరైనా చెప్తారు కాబట్టే భయం. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు సిరప్ తాగి అంతమంది పసిపిల్లలు పోయారు. అందులో ఉన్నదీ అలర్జీ మందే కదా. మా ఇంట్లో ఇప్పుడు సిరప్ అన్న మాటే లేదు.

మెడికల్‌షాపు_బాబాయ్: రెండు విషయాలు కలిపేస్తున్నావమ్మా. ఆ పిల్లల ప్రాణం తీసింది డైఇథైలీన్ గ్లైకాల్, సిరప్‌లో కలిసిన విషం. అలర్జీ మందు కాదు. 2022లో గాంబియాలో జరిగిందీ అలాంటిదే. అది తయారీలో, తనిఖీలో జరిగిన ఘోరం. తల్లి డోసు ఎంత జాగ్రత్తగా కొలిచినా దాన్ని ఆపలేదు.

కానీ నీ భయంలో కొంత నిజం ఉంది. 26 ఏళ్లు కౌంటర్ వెనక నిలబడ్డాను. "పిల్లాడికి అలర్జీ సిరప్ ఇవ్వండి" అంటూ వచ్చేవాళ్లలో సగం మందికి కావాల్సింది ముక్కు కారడం ఆగే సిరప్. ఒట్టి సెట్రిజిన్ వేరు, జలుబు సిరప్ వేరు. జలుబు సిరప్‌లో క్లోర్‌ఫెనిరమైన్ అనే అలర్జీ మందుకి తోడు ముక్కు దిబ్బడకి ఫినైలెఫ్రిన్, ఒక్కోసారి పారాసెటమాల్ కూడా ఉంటాయి. జ్వరానికి విడిగా పారాసెటమాల్ వేసి, మళ్లీ ఇదీ వేస్తే తెలియకుండానే డబుల్ డోసు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ జంటని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని, ఆ మాట సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబర్‌లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. ఆ చిన్న అక్షరాలు చదివి కొన్నవాళ్లు నాకైతే వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే తగిలారు. డ్రాప్స్ అయితే ఇంకా చిక్కు. కొన్నిట్లో క్లోర్‌ఫెనిరమైన్ 2, ఫినైలెఫ్రిన్ 5 మిల్లీగ్రాములు ఒక్క ఎంఎల్‌లోనే ఉంటాయి. దాన్ని సిరప్ అనుకుని స్పూనుతో పోస్తే చెప్పేదేముంది!

ఇక చిన్నూవాళ్లమ్మ ప్రశ్న. ఆ రాత్రి వేయకపోవడం తప్పు కాదు. ఆ పిల్లాడికి ఆ మందు ఎంత వేయాలో డాక్టర్ అంతకుముందే కాగితం మీద రాసిచ్చి ఉంటే, వేయడమూ తప్పు కాదు. నా వాదన అంతే. జబ్బు చేసిన రాత్రి డోసు వెతుక్కోకూడదు. మామూలుగా టీకాకి వెళ్లినప్పుడే అడిగి రాయించుకోండి. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి సెట్రిజిన్ మామూలుగా 2.5 మి.గ్రా.తో మొదలుపెడతారు. 5 ఎంఎల్‌కి 5 మి.గ్రా. ఉండే సిరప్ అయితే అది 2.5 ఎంఎల్. లివోసెట్రిజిన్ సిరప్ అయితే 5 ఎంఎల్‌లో 2.5 మి.గ్రా.లే ఉంటుంది, ఆ మందు సగం డోసుకే పనిచేస్తుంది. కాబట్టి ఫోన్‌లో ఎవరైనా "రెండున్నర" అంటే ఏ మందు, మిల్లీగ్రాములా, ఎంఎల్లా అని అడిగి తీరాలి. అన్నట్టు, సీసా మీది ఎక్స్‌పైరీ మూత తీయని సీసాకమ్మా. తెరిచి ఏడాదైన దాన్ని పారబోయండి.

కోదాడ_కుర్రాడు: బాబాయ్ గారూ, మీరు చెప్పిందాన్ని బట్టి చూస్తే లేబుల్ చదవడం వచ్చినవాళ్లు వేసుకోవచ్చనే కదా. మరి నేనన్నదీ అదే.

మెడికల్‌షాపు_బాబాయ్: నువ్వన్నది "వేసేయాల్సింది" అని. లేబుల్ మాట ఇప్పుడు అంటున్నావు. ఇంతకీ ఆ లేబుల్ తెలుగులో ఉంటుందా?

డల్లాస్_నాన్న: ఇక్కడ అమెరికాలో ఇవి చీటీ లేకుండానే షెల్ఫ్‌లో దొరుకుతాయి. అయినా డైఫెన్‌హైడ్రమిన్ అనే అలర్జీ సిరప్ డబ్బా మీద ఆరేళ్ల లోపు డాక్టర్ చెబితేనే అనీ, పిల్లల్ని నిద్రపుచ్చడానికి వాడొద్దనీ రాసి ఉంటుంది. చదివి కూడా ఒకసారి తప్పు చేశాను. హైదరాబాద్ విమానంలో పాప పడుకుంటుందని వేస్తే, రివర్సై దోహా దాకా సీటు మీద గంతులేసింది. కొందరు పిల్లలకి నిద్రకు బదులు ఇలా హుషారు వస్తుందని తర్వాత డాక్టర్ చెప్పారు. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

స్టాఫ్‌నర్స్_హనుమకొండ: ఇంతసేపూ సిరప్ గొడవే, అసలుది ఎవరూ అనలేదు. దద్దుర్లతో పాటు పెదవులు వాచినా, ఊపిరి పిల్లికూతలా వచ్చినా, వాంతులు ఆగకపోయినా, పిల్లాడు తోటకూర కాడలా వేలాడిపోయినా ఏ అలర్జీ సిరప్పూ కాపాడదు. అది పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది. అప్పుడు కావాల్సింది తొడకి ఎడ్రినలిన్ ఇంజెక్షన్. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి పరిగెత్తండి. సిరప్ వేశాం కదా, చూద్దాం అని కూర్చున్నవాళ్లని డ్యూటీలో చూశాను.

రెండు_జడలు: సరే, విషం సంగతి వేరని ఒప్పుకుంటున్నా. మరి రోజూ వాడేవాళ్ల మాటేంటి? మా అక్క కూతురికి ప్రతి దగ్గుకీ లివోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ (ఉబ్బసానికి, అలర్జీకి ఇచ్చే ఇంకో మందు) కలిపిన సిరప్పే. ఆర్నెల్లుగా అదే పాత చీటీ చూపించి తెస్తున్నారు.

స్టాఫ్‌నర్స్_హనుమకొండ: అది మళ్లీ డాక్టర్‌కి చూపించాల్సిన చీటీ చెల్లీ. మాంటెలుకాస్ట్‌తో కొందరు పిల్లల్లో పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు వస్తాయని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన అతి పెద్ద హెచ్చరిక పెట్టింది. సెట్రిజిన్, లివోసెట్రిజిన్ నెలల తరబడి రోజూ వాడి ఆపేస్తే కొందరికి తీవ్రమైన దురద వస్తుందని 2025లో ఇంకోటి. పాప నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తోందేమో అడుగు.

రెండు_జడలు: ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

చిన్నూవాళ్లమ్మ: అందరికీ థాంక్స్. పాత సీసా తీసి మళ్లీ చూశాను. నేను సెట్రిజిన్ అనుకున్నది లివోసెట్రిజిన్! ముందున్న "లివో" అన్న అక్షరాలు చిన్నగా ఉన్నాయి. డాక్టర్ గారి చేత "దద్దుర్లు వస్తేనే, 2.5 ఎంఎల్, రోజుకి ఒకసారి" అని రాయించి ఫ్రిజ్ మీద అంటించాను. అత్తగారు చదివి "అర స్పూనుకి ఇంత చీటీనా" అన్నారు. మా ఆయన ఏమీ మాట్లాడకుండా మందుతో వచ్చిన సిరంజితో నీళ్లు కొలిచి, ఆవిడ ఆ రాత్రి తెచ్చిన స్టీలు స్పూనులో పోశారు. 8 ఎంఎల్ పట్టింది. అత్తగారు కాసేపు ఆ స్పూను వైపే చూసి, తీసుకెళ్లి నెయ్యి గిన్నెలో వేసేశారు.