టోర్నడో పోయాక పొలాల్లో కనిపించే చుట్లు చుట్లు గీతలు ఏంటి?

వానమబ్బు:
అమెరికాలో టోర్నడోలు వచ్చి పోయాక విమానంలోంచి తీసిన పాత ఫొటోలు రాత్రి నుంచి చూస్తున్నా. కోత అయిపోయిన ఖాళీ చేలల్లో స్ప్రింగ్ సాగదీసి పడేసినట్టు వంకర గీతలు, ఒకదాని మీదికి ఇంకోటి ఎక్కి ఉన్నాయి. ఏదో బరువైన వస్తువుని గాలి తిప్పుతూ ఈడ్చుకెళ్తే పడ్డ గాట్లేమో అనుకున్నా, కానీ అన్ని చుట్లు తిరిగేదాకా ఆ వస్తువు సుడిలోనే ఎలా ఉంటుంది, ఎప్పుడో బయటికి విసిరేయాలి కదా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఈశాన్యగాలి:
మీ అనుమానం కరెక్టే అండి, అవి గాట్లు కావు. 1950ల్లో పరిశోధకులు కూడా గాట్లే అనుకున్నారు, వాటిని బట్టి గాలి వేగం లెక్కలు కూడా కట్టారు. 1965 ఏప్రిల్ 11 టోర్నడోల తర్వాత చికాగో యూనివర్సిటీ వాతావరణ శాస్త్రవేత్త టెడ్ ఫుజిటా ఆ గీతల సంగతి పట్టుకున్నాడు. దగ్గరికెళ్లి చూస్తే నేల తవ్వుకుపోలేదు, మొక్కజొన్న మోళ్లు, చొప్ప ముక్కలు కొన్ని అంగుళాల ఎత్తున వరసగా పోగుపడి ఉన్నాయి, అంటే గీత లోతుకి లేదు, పైకి ఉంది! పెద్ద సుడి లోపల చిన్న చిన్న సుడులు దాని చుట్టూ తిరుగుతుంటాయి, అవి చెత్తని ఊడ్చి ఇలా వరసగా వదిలేస్తాయి. పక్కపక్క ఇళ్లలో ఒకటి నేలమట్టమై ఇంకోటి నిలబడి ఉండటానికి కూడా చాలాసార్లు ఈ చిన్న సుడులే కారణం.

వానమబ్బు:
అయ్యో, నేను ఇన్నాళ్లూ తలకిందులుగా చూస్తున్నానన్నమాట. మరి కొన్ని చోట్ల పూర్తి చుట్లు, కొన్ని చోట్ల ఉత్త అలల్లా ఎందుకుంటాయి?

చక్రం_77:
చీకట్లో సైకిల్ పోతుంటే చక్రానికి ఉన్న రిఫ్లెక్టర్ ఎలా కదులుతుందో గుర్తుతెచ్చుకోండి, తిరుగుతూనే ముందుకి పోతుంది కదా, ఇదీ అంతే. టోర్నడో ముందుకి పోయే వేగం కన్నా చిన్న సుడి చుట్టూ తిరిగే వేగం ఎక్కువుంటే చుట్లు పడతాయి, తక్కువైతే అలలే. ఫొటోలో చుట్లు బాగా దగ్గరదగ్గరగా ఉంటే టోర్నడో అక్కడ మెల్లగా కదిలిందేమో చూడాలి, లేదా సుడులే ఎక్కువ ఉండొచ్చు.

ఈశాన్యగాలి:
చెట్లు పడ్డ తీరు కూడా చూడండి, నాకైతే అదే ఇంకా ఇష్టం. టోర్నడో దారిలో చెట్లు ఎక్కువగా మధ్య గీత వైపుకి వాలి ఒకదానికొకటి అడ్డంగా పడతాయి. మేఘంలోంచి గాలి ఒక్కసారిగా కిందికి దిగి నేలని కొడితే మాత్రం నక్షత్రంలా బయటికి పరుచుకుని పడతాయి. 1945లో బాంబు పడ్డాక నాగసాకిలో ఫుజిటా చూసింది ఇదే ఆకారం, మళ్లీ 1974 ఏప్రిల్ టోర్నడోల తర్వాత విమానంలో తిరుగుతూ వెస్ట్ వర్జీనియాలో చెట్లు అలాగే పడి ఉండటం చూసి, ఇది టోర్నడో పని కాదని పసిగట్టాడు. మైక్రోబర్స్ట్ (ఇలా మేఘంలోంచి ఒక్కసారిగా కిందికి దిగి కొట్టే గాలి) అన్న ఆలోచన అక్కడి నుంచే పెరిగింది. అందుకే చెట్లు నరికి ఎత్తేయకముందే, చేలు దున్నకముందే పైనుంచి ఫొటోలు తీయాలి.

వానమబ్బు:
థాంక్సండీ ఇద్దరికీ. మళ్లీ ఆ ఫొటోలు తెరిచి ఈసారి నీడ ఏ వైపు పడిందో చూశా, గీతలు నిజంగానే ఉబ్బెత్తుగా ఉన్నాయి.