చెక్ ఇంజిన్ లైట్, పీ0171 కోడ్: ఆక్సిజన్ సెన్సర్ మార్చమంటున్నారు, మార్చాలా?

నిజాంపేట్ టీచర్:
నమస్కారం అండీ. మాది 2016 పెట్రోల్ సెడాన్, 80 వేల కిలోమీటర్లు దాటింది. పోయిన నెల సర్వీసింగ్ చేయించాం. ఆ వారంలోనే డాష్‌బోర్డ్ మీద ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలిగింది. బండి నడుస్తోంది గానీ జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. స్పీడ్ అందుకున్నాక ఏమీ తెలీదు. దగ్గర్లోని వర్క్‌షాప్‌లో స్కానర్ పెట్టి ‘పీ0171, సిస్టమ్ టూ లీన్, బ్యాంక్ 1’ అని చూపించారు, అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అట. ఆక్సిజన్ సెన్సర్ పోయింది, 9 వేలు అవుతుందన్నారు. పోయిందని ఎలా తెలిసిందని అడిగితే, "కోడ్ వచ్చింది కదా మేడమ్" అన్నారు. అంతేనా? ఈ లైట్‌తో రోజూ కొండాపూర్ దాకా వెళ్లి రావచ్చా అనేది ఇంకో టెన్షన్.

మియాపూర్ కుర్రాడు:
బ్యాటరీ నెగెటివ్ కాసేపు పీకి పెట్టండి అక్కా, లైట్ పోతుంది. మా బావ కారుకి అలాగే పోయింది.

రాణిగంజ్ ఆటో ఎలక్ట్రీషియన్:
తమ్ముడూ, లైట్ పోవడం వేరు, రోగం పోవడం వేరు. బ్యాటరీ పీకితే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఎగిరిపోతుంది. కోడ్ పడినప్పుడు ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, లోడ్ ఎంత అని ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, రాసి పెట్టుకున్న లెక్క అది. మెకానిక్‌కి దొరికే మొదటి ఆధారం. దాన్ని మనమే చెరిపేసుకుంటే ఎట్లా?

మేడమ్, ముందు మీ టెన్షన్ సంగతి. లైట్ నిలకడగా వెలుగుతుంటే మెల్లగా నడుపుకోవచ్చు, కానీ నెలల తరబడి వదిలేయొద్దు. మిణుకుమిణుకుమంటే మాత్రం పక్కకి తీసి ఆపేయండి. మిస్‌ఫైర్ అవుతోందని అర్థం. కాలని పెట్రోల్ పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. కన్వర్టర్ పోయిందంటే ఈ 9 వేలు లెక్కలోకే రావు.

ఇక సెన్సర్. సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ ఎక్కువుందని అది చెప్పింది, ఈసీయూ పెట్రోల్ పెంచుకుంటూ పోయింది, తన హద్దు దాకా పెంచినా సరిపోక లైట్ వేసింది. పీ0171 అంటే ఇంతే. ఫిర్యాదు చేసినవాణ్నే దొంగ అని పట్టుకుంటున్నారు వాళ్లు. సెన్సర్ హీటర్ పోతే పీ0135 అని దానికి వేరే కోడే ఉంది. సెన్సర్ తప్పు చెప్పే అవకాశం అసలు లేదనను, కానీ చూడకుండా మార్చొద్దు.

మీరే చూసుకోవచ్చు. బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ కోఠీలోనో ఆన్‌లైన్‌లోనో వెయ్యి లోపు దొరుకుతుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి ఫోన్ యాప్‌తో కలపండి. ఫ్యూయల్ ట్రిమ్ అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోంది, తగ్గిస్తోంది అనే లెక్క. ఇంజిన్ బాగా వేడెక్కాక షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (నేర్చుకుని పెట్టుకున్న సవరణ) ట్రిమ్‌లు రెండూ ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి ఇంకోసారి రాసుకోండి. కన్వర్టర్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజ్ కూడా చూడండి, 0.1కీ 0.9కీ మధ్య ఊగుతుండాలి. ఒకే చోట కదలకుండా కూర్చుంటే అప్పుడు అనుమానించాలి. లిస్టులో మాఫ్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్) అనే రీడింగ్ వస్తోందా అన్నదీ చెప్పండి. పని అయ్యాక అడాప్టర్ తీసేయండి, అక్కడే వదిలేస్తే బ్యాటరీ తాగుతుంది.

నిజాంపేట్ టీచర్:
మా అబ్బాయి పక్కన కూర్చుని రాశాడు. ఐడిల్‌లో లాంగ్ టర్మ్ ప్లస్ 21, షార్ట్ టర్మ్ ప్లస్ 6. 2500లో లాంగ్ టర్మ్ ప్లస్ 5, షార్ట్ టర్మ్ సున్నా అటూ ఇటూ. సెన్సర్ వోల్టేజ్ ఊగుతూనే ఉంది. మాఫ్ రీడింగ్ వస్తోంది.

అల్వాల్ నుంచి ఒకరు:
ఇది ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) వల్ల కాదా? ఈమధ్య అందరూ అదే అంటున్నారు.

రాణిగంజ్ ఆటో ఎలక్ట్రీషియన్:
ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ట్రిమ్ కొంత పెరిగే మాట నిజమే సార్. కానీ పెట్రోల్ ఐడిల్‌లో ఒకటి, 2500లో ఇంకొకటి కాదు కదా. దాని వల్లయితే రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా పెరగాలి. ఫ్యూయల్ పంప్ బలహీనపడినా, ఫిల్టర్ పూడుకున్నా లోడ్ పెరిగే కొద్దీ లీన్ ఎక్కువవుతుంది. మేడమ్ బండిలో వ్యవహారం దానికి తలకిందులు.

ఐడిల్‌లో 27, పైన 5 అంటే మాఫ్ దాటాక ఎక్కడో దొంగగాలి లోపలికి వస్తోంది. ఐడిల్‌లో ఇంజిన్ తీసుకునే గాలే తక్కువ, అందులో ఈ కాస్తా పెద్ద వాటా. 2500లో అసలు గాలి బాగా పెరుగుతుంది, లీకు దాంట్లో కలిసిపోతుంది. సర్వీసింగ్ తర్వాతే మొదలైందన్నారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారా? ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్ బాడీకి వెళ్లే మడతల రబ్బరు గొట్టం, దాని క్లాంపులు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి గాలి దారిలోకి పంపేది), బ్రేక్ బూస్టర్ పైపు, ఈ వరసలో చూడండి. ఇంజిన్ ఆపి, చల్లారాక గొట్టాన్ని వంచి మడతల మధ్య చూడాలి. పగుళ్లు చాలాసార్లు కిందివైపు ఉంటాయి, కంటికి ఆనవు. కార్బ్ క్లీనర్ కొట్టి వెతికేవాళ్లున్నారు, వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట లేస్తుంది, మీరు ఆ పని చేయొద్దు. సెల్లార్ పార్కింగ్ అయితే ఎలుకల సంగతీ చూసుకోండి, పైపులూ వైర్లూ వాటికి తేడా లేదు.

నిజాంపేట్ టీచర్:
దొరికిందండీ! ఫిల్టర్ మార్చారు, నిజమే. థ్రాటిల్ వైపు క్లాంపు బిగించే ఉంది గానీ గొట్టం అంచు సగమే ఎక్కి, ఒక పక్క మడిచిపెట్టుకుని ఉంది. అక్కడి నుంచి మడత వెంట వేలు పొడవు చీలిక. మా అబ్బాయి సరిగ్గా ఎక్కించి, చీలిక మీద టేపు చుట్టాడు. ఐడిల్ వణుకు చాలావరకు పోయింది. లైట్ మాత్రం అలాగే ఉంది.

రాణిగంజ్ ఆటో ఎలక్ట్రీషియన్:
టేపు ఇంజిన్ వేడికి ఊడుతుంది, కొత్త గొట్టం వేయించండి. అది వేశాక యాప్‌లో కోడ్ క్లియర్ చేయండి. చేయకపోయినా, వరసగా మూడు డ్రైవ్ సైకిళ్లలో (స్టార్ట్ చేసి, నడిపి, ఆపేదాకా ఒకటి) తప్పు కనపడకపోతే లైట్ దానంతటదే ఆరుతుంది. ఓ వారం మామూలుగా నడిపి ఐడిల్‌లో ట్రిమ్‌లు రెండూ మళ్లీ చూడండి. కలిపి పది లోపుంటే ఆ సెన్సర్ జోలికి పోనక్కర్లేదు. పది పైనే ఉంటే పీసీవీ పైపు విప్పి చూసి, ఆ రీడింగులు ఇక్కడ పెట్టండి.