పాత షెవ్రొలే పికప్‌కు ఏ కార్బొరేటర్ తీసుకోవాలి? కొత్తది మానిఫోల్డ్ మీద కూర్చోవడం లేదు

పాత పికప్ యజమాని:
నా షెవ్రొలే సీ10 పికప్‌లో 350 ఘనపుటంగుళాల ఇంజిన్ ఉంది. ఉదయం పూట ఎంతసేపు స్టార్టర్ తిప్పినా ఇంజిన్ అందుకోదు, అందుకున్నాక నల్లటి పొగ వదులుతుంది, సిగ్నల్ దగ్గర కదలబోతే ఒక్క క్షణం తడబడి ఆ తరువాత ముందుకు దూకుతుంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే పాత కార్బొరేటర్ పని అయిపోయిందని నిర్ణయించుకొని, విడిభాగాల దుకాణంలో అందరూ తీసుకెళ్లేది ఇదేనని చెప్పిన ఎడెల్‌బ్రాక్ 1406 కొన్నాను. నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టి చీకటి పడేవరకు కుస్తీ పట్టినా, ముందు రెండు బోల్టులు కూర్చుంటే వెనక రెండూ మానిఫోల్డ్ (కార్బొరేటర్ కింద ఉండి సిలిండర్లకు గాలి పంచే భాగం) రంధ్రాలకు అందడం లేదు. చాలా విసుగ్గా ఉంది. దీన్ని బిగించే మార్గం ఏదైనా ఉందా, లేక ఇది 600 (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి) రకం కాబట్టి తిరిగి ఇచ్చేసి 750 తెచ్చుకోవాలా? దయచేసి సూటిగా చెప్పండి.

రెంచి పదమూడు:
బండి ఏ సంవత్సరానిది? ఏ రాష్ట్రంలో నడుపుతున్నారు? మానిఫోల్డ్ కంపెనీ నుంచి వచ్చినదేనా? గేర్‌బాక్సు ఏది? ఇవి చెప్పకపోతే ఎవరు చెప్పినా ఊహే అవుతుంది.

ఇంధనం సంగతి:
కార్బొరేటర్ మార్చే ముందు దానిలోకి వెళ్తున్న పెట్రోలు గురించి ఆలోచించవలసిందిగా కోరుతున్నాను. అమెరికాలో మామూలుగా అమ్మే పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, ఇక్కడ హైదరాబాదు బంకుల్లోనైతే ఇప్పుడు 20 శాతం కలిపినదే దొరుకుతోంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, యాక్సిలరేటర్ పంపు (తొక్కగానే కాస్త అదనపు పెట్రోలు చిమ్మేది) కప్పు దానికి ఉబ్బిపోయి, పగిలి, పెట్రోలు సరిగా చిమ్మవు. మీరు చెప్పిన తడబాటు అచ్చంగా ఆ పంపు లక్షణమే. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొని ఫ్లోట్ గిన్నె (కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే చోటు) అడుగున తెల్లటి తుప్పు పుట్టిస్తుంది. కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, కొత్త పంపు కప్పు వేయకుండా ఎన్ని కార్బొరేటర్లు మార్చినా ప్రయోజనం ఉండదు.

పాత పికప్ యజమాని:
నేను అడిగింది బోల్టుల గురించి. బండి 1979 నాటిది, ముందు భాగం చూసినవారెవరికైనా అది తెలుస్తుంది. మానిఫోల్డ్ ఇనుముది, కంపెనీ వేసినదే. గేర్‌బాక్సు ఆటోమేటిక్.

ఆటోనగర్ లేత్:
ఇనుప మానిఫోల్డ్ అన్నారు కాబట్టి చిక్కు అక్కడే ఉంది. ఆ బండికి కంపెనీ వేసినది రోచెస్టర్ క్వాడ్రాజెట్. దాని ముందు రెండు గొంతులు (గాలి లోపలికి వెళ్లే దారులు) సన్నవి, ఒక్కొక్కటి ఒకటీ మూడెనిమిదోవంతు అంగుళాలు. వెనక రెండూ వెడల్పయినవి, రెండుంపావు అంగుళాలు. మానిఫోల్డ్ రంధ్రాలు కూడా ఆ కొలతకే పోసి ఉంటాయి. మీరు తెచ్చిన 1406లో నాలుగు గొంతులూ చదరంగా అమరి ఉంటాయి. రెండింటిలోనూ బోల్టుల అడ్డ దూరం ఒకటే గానీ, ముందు వెనకల దూరం మీ మానిఫోల్డ్‌లో నాలుగుంపావు అంగుళాలు, చదరపు అమరికలో ఐదు దాటుతుంది. ముందువి కూర్చొని వెనకవి అందకపోవడానికి కారణం అదే, అందులో మీ పనితనం లోపమేమీ లేదు.

అడాప్టర్ పలక వేసి బిగించవచ్చు. అయితే కార్బొరేటర్ ఎత్తు పెరిగి ఎయిర్ క్లీనర్ బానెట్‌కు తగిలే ప్రమాదం ఉంటుంది, థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే పలక) లింకేజీని మళ్లీ సరిచేసుకోవలసి వస్తుంది. రంధ్రాలను సాగదీసి పలక లేకుండానే కూర్చోబెట్టే పని మాత్రం ఎంతమాత్రం చేయకండి. వెనక మూలల దగ్గర మానిఫోల్డ్ రంధ్రం కార్బొరేటర్ అడుగును దాటి బయటికి కనబడుతుంది, అక్కడి నుంచి గాలి లాగి ఐడిల్ ఎప్పటికీ కుదురుకోదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ప్రీమియర్ పద్మినీల సోలెక్స్ కార్బొరేటర్లు బాగుచేస్తూ పని నేర్చుకున్నవాడిని. అక్కడైనా ఇక్కడైనా పారవేసే ముందు చూడవలసినది థ్రాటిల్ షాఫ్ట్. దాన్ని వేళ్లతో పట్టుకొని అటూ ఇటూ కదిలించండి. లొడలొడలాడితే అక్కడినుంచి గాలి దూరుతున్నట్టు. లేత్ మీద బుష్ వేయిస్తే అది పోతుంది. తరువాత ఒక రాత్రి బండిని వదిలేసి, ఉదయం స్టార్ట్ చేయకుండా ఎయిర్ క్లీనర్ తీసి, గొంతులోకి చూస్తూ థ్రాటిల్‌ను చేత్తో లాగండి. పెట్రోలు చిమ్మకపోతే పంపయినా పోయి ఉండాలి, గిన్నె అయినా ఖాళీ అయి ఉండాలి. క్వాడ్రాజెట్ గిన్నె చిన్నది, దాని అడుగున ఉండే బావుల బిరడాలు కారడం బాగా ఎరిగిన జబ్బే. విప్పి, పెట్రోలుకు కరగని ఎపాక్సీ పూస్తే సరిపోతుంది. నల్లటి పొగకు చోక్ తెరుచుకోకపోవడమో, పెట్రోలు పీల్చి బరువెక్కిన ఫ్లోటో కారణం కావచ్చు. ఇవన్నీ మరమ్మతుకు లొంగే విషయాలు. మంచి వస్తువును తీసి పక్కన పెడుతున్నారని నా బాధ.

లెక్క ముఖ్యం:
750 కొనడం అనవసరమని నా అభిప్రాయం. 350 ఘనపుటంగుళాల ఇంజిన్‌ను నిమిషానికి 4,500 చుట్లు తిప్పినా, 350ని 4,500తో గుణించి 3,456తో (ఘనపుటడుగుకు 1,728 ఘనపుటంగుళాలు, రెండు చుట్లకొకసారే గాలి లాగుతుంది కాబట్టి దానికి రెట్టింపు) భాగిస్తే సుమారు 456 వస్తుంది. సిలిండర్లు 85 శాతమే నిండుతాయనుకుంటే నిమిషానికి 387 ఘనపుటడుగుల గాలి చాలు. ఈ లెక్కన 500 అని రాసి ఉన్న రెండు గొంతుల కార్బొరేటర్ కూడా సరిపోతుంది, ఖర్చు కూడా తగ్గుతుంది.

ఆటోనగర్ లేత్:
గుణకారం సరిగానే ఉంది గానీ, పోల్చిన కొలతలు రెండూ ఒకటి కావు. నాలుగు గొంతుల కార్బొరేటర్‌ను ఒకటిన్నర అంగుళాల పాదరసం ఒత్తిడి తేడా దగ్గర కొలుస్తారు, రెండు గొంతులదాన్ని మూడు అంగుళాల దగ్గర కొలుస్తారు. ఒకే కొలతకు తెస్తే రెండు గొంతుల 500 సుమారు 354 మాత్రమే అవుతుంది, మీరు చెప్పిన 387కే అది చాలదు.

లెక్క ముఖ్యం:
మరి మీరు మెచ్చుకుంటున్న క్వాడ్రాజెట్ 750 రకానిదే కదా. 387 చాలే చోట 750 ఎలా సరిపోతుందో వివరించగలరా? సామర్థ్యం అన్న మాటకు ఒక అర్థమే ఉండాలి.

ఆటోనగర్ లేత్:
అది గరిష్ఠ సామర్థ్యం, ఎప్పుడూ లాగే గాలి కాదు. వెనక గొంతుల మీద ఉండే గాలి తలుపు ఇంజిన్ అడిగినంత మేరకే తెరుచుకుంటుంది. మామూలు నడకలో సన్నని ముందు గొంతులే పని చేస్తాయి, అందుకే అది మెత్తగా నడిచి పెట్రోలు కూడా ఆదా చేస్తుంది.

రెంచి పదమూడు:
రాష్ట్రం ఇంకా చెప్పలేదు.

పాత పికప్ యజమాని:
కాలిఫోర్నియా. దానికీ కార్బొరేటర్‌కూ సంబంధం ఏమిటి?

రెంచి పదమూడు:
అంతా దాని మీదే ఆధారపడి ఉంది. అక్కడ 1975, అంతకు ముందు బండ్లకే స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. మీది 1979. అసలు దానికి సరిసమానమైనదో, రాష్ట్ర గాలి వనరుల మండలి అనుమతి సంఖ్య ఉన్నదో తప్ప వేరే కార్బొరేటర్ కనబడితే ఇంజిన్‌ను కళ్లతో చూసి చేసే తనిఖీలోనే తిప్పి పంపుతారు. 1406కు మీ బండి మీద ఆ అనుమతి లేదు. తిరిగి ఇచ్చేయండి.

ఆటోనగర్ లేత్:
వీరు చెప్పినది నిజం. పాత క్వాడ్రాజెట్ ఒంటిమీద, డ్రైవర్ వైపు నిలువుగా ఒక అంకె ముద్ర వేసి ఉంటుంది. 1979 నాటిదయితే అది 17059తో మొదలవుతుంది. ఆ అంకెను బట్టే మరమ్మతు కిట్టు తెప్పించుకోండి. దుకాణాల్లో దొరికే మరమ్మతు చేసిన కార్బొరేటర్లను నేను సిఫారసు చేయను. రకరకాల బండ్ల భాగాలను కలిపి కట్టినవి వాటిలో ఉంటాయి, పెట్రోలును కొలిచి వదిలే జెట్లు, మీటరింగ్ కడ్డీలు మీ ఇంజిన్‌కు సరిపోకపోవచ్చు. తిరిగి బిగించేటప్పుడు ముందున్న పొడుగు బోల్టులను బలంగా లాగకండి, పై మూత వంగిపోతుంది. గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబుల్‌ను కూడా దాని చోటే తగిలించండి, లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరుకు దిగదు.

కొత్త మార్గం:
ఇంత శ్రమ ఎందుకండీ, ఫ్యుయెల్ ఇంజెక్షన్ కిట్టు వేసుకుంటే ఉదయం పూట స్టార్టింగ్ బాధ ఉండదు కదా. పంపు, తిరుగు పైపు వేసుకోవాలి, అంతే.

రెంచి పదమూడు:
దానికీ అనుమతి సంఖ్య కావాలి.

పాత పికప్ యజమాని:
అంకె చూశాను, 17059తోనే మొదలయింది. షాఫ్ట్ కొంచెం ఊగుతోంది, ఉదయం లాగితే పెట్రోలు చుక్క కూడా చిమ్మలేదు. 1406ను దుకాణం వెనక్కి తీసుకుంటామన్నారు. కిట్టు తెప్పిస్తున్నాను. ధన్యవాదాలు.

ఇంధనం సంగతి:
కిట్టులో వచ్చే పంపు కప్పు ఇథనాల్‌ను తట్టుకునేదేనా అని అడిగి తీసుకోండి. గొట్టాలు కూడా మార్చండి.

కొత్త సభ్యుడు:
ఇదే చర్చలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గర 1978 నాటి ఫోర్డ్ ఎఫ్-150 ఉంది, ఆరు సిలిండర్ల 300 ఇంజిన్, ఒకే గొంతు ఉన్న కార్టర్ వైఎఫ్ కార్బొరేటర్. దానికి రెండు గొంతులది వేయాలంటే మానిఫోల్డ్ మార్చక తప్పదా?