గురుడి గాలులకూ అయస్కాంత క్షేత్రానికీ సంబంధం ఉందా?

స్వాతిచుక్క: ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠంలో ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, గురుడి మీద అంత గాలి వీస్తుంది కదా, దానివల్లే అయస్కాంత క్షేత్రం వస్తుందా?" లోపలి లోహ హైడ్రోజన్ (విపరీతమైన పీడనానికి లోహంలా విద్యుత్తును మోసే హైడ్రోజన్) వల్ల అని చెప్పాను. కానీ సెకనుకు 100 మీటర్లు దాటే ఆ గాలుల పాత్ర అసలేమీ లేదా? దీని గురించి చదివినవాళ్లు చెప్పండి.

పుష్యమి: మేఘాల దగ్గరున్న గాలి విద్యుత్ వాహకం కాదండి. ఎంత వేగంగా వీచినా అయస్కాంత బలరేఖలను పట్టుకోలేదు. మీరు చెప్పిందే సరైనది.

ఆరుద్ర: పుష్యమి గారు చెప్పింది మేఘాల వరకు నిజం. అయితే హైడ్రోజన్ ఒక గీత దాటగానే లోహమైపోదు. లోతుకు వెళ్లేకొద్దీ వాహకత కొద్దికొద్దిగా పెరుగుతుంది. 2016లో గురుడిని చేరిన నాసా వ్యోమనౌక జునో చేసిన గురుత్వాకర్షణ కొలతల వల్ల, ఈ గాలులు దాదాపు 3000 కిలోమీటర్ల లోతు దాకా ఉన్నాయని తెలిసింది. అక్కడి పీడనం మన వాతావరణానికి సుమారు లక్ష రెట్లు. గాలి బలరేఖలను లాగగలిగేంత, బలరేఖలు గాలికి బ్రేకు వేయగలిగేంత వాహకత దాదాపు ఆ లోతులోనే మొదలవుతుంది. గాలులు అక్కడే ఆగిపోవడానికి ఇదే కారణమని చాలామంది భావిస్తున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చే విషయం ఇదే.

దీనికి సాక్ష్యం కూడా ఉంది. భూమధ్యరేఖ దగ్గర క్షేత్రం తీవ్రంగా ఉన్న ఒక చోటును గ్రేట్ బ్లూ స్పాట్ అంటారు (టెలిస్కోపులో కనపడదు, మ్యాపులో వేసిన రంగే నీలం). 1973 నాటి పయనీర్ 10, తర్వాతి వోయేజర్ వ్యోమనౌకల కొలతలను జునో కొలతలతో పోల్చి చూస్తే క్షేత్రం మారినట్టు తేలింది, ఆ మార్పు ఎక్కువగా ఈ మచ్చ దగ్గరే. లోతు గాలులు దాన్ని తూర్పు పడమరలుగా సాగదీస్తున్నాయని 2019లో ఒక పరిశోధన చెప్పింది. జునో డేటా నాసా ఆర్కైవ్‌లో ఎవరైనా దించుకోవచ్చు, మీ పిల్లలతో గ్రాఫులు గీయించండి.

కానీ సాగదీయడం వేరు, పుట్టించడం వేరు. తూర్పు పడమరల గాలి ఒక్కటే డైనమోను (వాహక ప్రవాహం కదలికతో క్షేత్రాన్ని పుట్టించి నిలిపే ప్రక్రియను) నిలబెట్టలేదు. బలరేఖలను తాడు పేనినట్టు మెలిపెట్టే కిందికీ పైకీ ప్రవాహం కావాలి. ఆ పని లోపలి ఉష్ణ సంవహనం (వేడిది పైకి, చల్లనిది కిందికి కదలడం), గ్రహ భ్రమణం కలిసి చేస్తాయి. గురుడి విషయంలో ప్రధాన డైనమో అదే.

స్వాతిచుక్క: చాలా థాంక్స్ అండి. మరి శని? గాలులు అక్కడ ఇంకా లోతుగా ఉంటాయని విన్నాను.

ఆరుద్ర: అవును, కసీని వ్యోమనౌక చివరి కక్ష్యల్లో (2017) సుమారు 9000 కిలోమీటర్లని తేలింది. శని క్షేత్రం అక్షం భ్రమణాక్షం నుంచి 0.01 డిగ్రీ కూడా వంగలేదు. పూర్తిగా అక్షసౌష్ఠవమున్న (అక్షం చుట్టూ అన్ని వైపులా ఒకేలా ఉన్న) క్షేత్రాన్ని డైనమో నిలపలేదని శాస్త్రవేత్త కౌలింగ్ 1933లోనే నిరూపించాడు. అందుకే, హీలియం చుక్కలు రాలే స్థిరమైన పొర ఒకటి అక్కడ ఉందనీ, దానిలోని ప్రవాహాలు వంకరలను చెరిపేసి మనకు నున్నటి క్షేత్రాన్నే చూపిస్తున్నాయనీ ఒక వివరణ.

పుష్యమి: ఇంత వివరం నాకు తెలియదు. మరి గాలే డైనమో నడిపే గ్రహం ఎక్కడైనా ఉండొచ్చా?

ఆరుద్ర: ఉండొచ్చు. నక్షత్రానికి అతి దగ్గరగా తిరిగే 'వేడి గురు' గ్రహాల పగటి వైపు 2000 డిగ్రీలు దాటితే సోడియం, పొటాషియం ఎలక్ట్రాన్లు కోల్పోతాయి, గాలే వాహకమవుతుంది. రాత్రి వైపు వాహకత తక్కువ. ఈ తేడా ఉంటే వాతావరణంలోనే డైనమో నడవగలదని 2017 సిమ్యులేషన్లు చూపాయి.